ఆవర్జాకు డెమో ఎవరడిగారు?

మా రోజుల్లో సంస్థకు ఆవర్జాలు, అంటే లెక్కల పుస్తకాలు, కావాలంటే నేనే బెజవాడ వన్‌టౌన్ వెళ్ళి తెచ్చేవాణ్ని. కాగితం మీద సిరా పాకుతుందేమోనని ఒక మూల గీసి చూసుకునేవాణ్ని. బైండు దారం గుంజి చూసేవాణ్ని. జమ వైపు గడులు మా పద్దులకు చాలతాయో లేదో లెక్కపెట్టేవాణ్ని. కొట్టాయన విసుక్కునేవాడు. విసుక్కుంటే విసుక్కోనీ, ఏడాది పొడుగునా ఆ పుస్తకంతో వేగాల్సింది నేను కదా! సెక్రటరీగారు గానీ అధ్యక్షులవారు గానీ ఆ బేరంలో ఏనాడూ తలదూర్చలేదు. రాసేవాడికే తెలుస్తుందని వదిలేశారు.

ఇప్పుడు దాతల వివరాలకీ గ్రాంట్ల లెక్కలకీ సాఫ్ట్‌వేర్ కొంటామని కమిటీ వేశారు. రిటైరైనా చేతికర్ర ఊపుకుంటూ ఆఫీసుకు వస్తూనే ఉన్నానని నన్ను కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. మాధాపూర్ నుంచి టై కట్టుకున్న కుర్రాడొచ్చి గోడ మీద బొమ్మలు వేశాడు. గుండ్రటి బొమ్మలు, నిలువు కడ్డీలు, దాతలు ఏ జిల్లాలో ఎందరున్నారో చూపే పటం. అందరూ ఆహా అన్నారు. రోజూ రశీదులు రాసే అమ్మాయి మాత్రం ఆ గదిలో లేదు. బయట కౌంటర్లో కూర్చుని రశీదులు రాస్తోంది. ఆమెను పిలవాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు. నా సణుగుడంతా ఇక్కడే మొదలు.

మా సంస్థ ఉప్పెనలో పుట్టింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత తల్లీతండ్రీ లేని పిల్లలకు ఒక వసతి గృహం, కొన్నాళ్ళకు దిక్కులేని ముసలివాళ్ళకు ఒక ఆశ్రమం, ఆపైన మత్స్యకారుల వలలు, మడ చెట్లు, మంచినీళ్ళు అంటూ ప్రాజెక్టులు. తొలి ఏడాది మాకు డబ్బుకంటే సామానే ఎక్కువొచ్చింది. బియ్యం బస్తాలు, దుప్పట్లు, కందిపప్పు, ఇత్తడి బిందెలు, ఒకాయన రెండు పాడి గేదెలు. వాటికి వేరే రిజిస్టరు. వచ్చిన తేదీ, ఇచ్చినవారు, ఎంత, ఎవరికి పంచాం, వేలిముద్ర. గేదెకు దూడ పుడితే ఆ దూడనూ అందులోనే రాశాను.

మాధాపూర్ అబ్బాయిని అడిగాను: "బాబూ, బస్తాలు వస్తే ఎక్కడ రాయాలి?" "రూపాయల్లో విలువ వేసి ఎంటర్ చెయ్యండి సార్" అన్నాడు. విలువ ఎవరు వేస్తారు? వస్తురూపంలో ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదు. ఆ తేడా తెలియని యంత్రం బియ్యం బస్తాకు కూడా పన్ను రాయితీ రశీదు కొట్టి వాట్సాప్‌లో పంపేస్తే, ఆడిటరు దగ్గర నిలబడేది ఆ అబ్బాయి కాదు.

పేర్ల సంగతి మరీ ఘోరం. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు, రెండోది నింపకపోతే ముందుకు పోనివ్వదట. మనకు ఇంటిపేరు ముందుంటుంది. సగం మంది దాన్ని ఒక పొడి అక్షరంగా కుదిస్తారు. కొందరు ఆడవాళ్ళు పుట్టింటి పేరుతో ఇస్తారు, పాన్ కార్డులో అత్తింటి పేరుంటుంది. ఇంగ్లీషులో సుబ్బారావును ఒక్క ‘బి’తో రాసేవాళ్ళున్నారు, రెండు పెట్టేవాళ్ళున్నారు, రావును విడదీసేవాళ్ళున్నారు. ఒకే మనిషి మూడేళ్ళలో మూడు రకాలుగా రాస్తే యంత్రానికి ముగ్గురు దాతలవుతారు. నా ఆవర్జాలో దాత పేరు కింద ఊరు, తండ్రి పేరు, ఎవరి ద్వారా పరిచయం, అన్నీ ఉండేవి. "చల్లపల్లి బియ్యం మిల్లు వెంకటేశ్వరరావుగారు", "బందరు ప్లీడరు వెంకటేశ్వరరావుగారు" అని వేర్వేరు పేజీలు. తెలుగులో టైపు చేస్తే వెతికి పెడుతుందా అని అడిగితే, తెలుగు అక్షరాలు కనిపిస్తాయి గానీ వెతకడం వచ్చే వెర్షన్‌లో అన్నాడు. వచ్చే వెర్షన్ వచ్చేదాకా వెంకటేశ్వరరావులను ఎవరు విడదీస్తారు?

తిథుల విషయానికొస్తే నాకు నిజంగానే కోపం వచ్చింది. మా ఆశ్రమంలో అన్నం ఎక్కువగా తిథుల మీదే నడుస్తుంది. తండ్రి పోయిన రోజనో తల్లి ఆబ్దికమనో ఏటా ఆ పూట భోజనానికి ఇచ్చేవాళ్ళు వందల్లో ఉన్నారు. కొందరు శాశ్వత నిధిగా ఒక మొత్తం కట్టి, దాని వడ్డీతో ఆ పూట పెట్టమంటారు. వాళ్ళు చెప్పేది మాఘ బహుళ దశమి, కార్తీక శుద్ధ ద్వాదశి. ఫిబ్రవరి 12 అని చెప్పరు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే నేనూ మా గుమాస్తా కూర్చుని ఆ ఏడాది మొత్తానికి తిథుల ఎదురుగా తేదీలు వేసుకునేవాళ్ళం. పది రోజుల ముందు కార్డు రాసేవాళ్ళం, ‘అయ్యా, మీ నాన్నగారి తిథి ఫలానా రోజు వచ్చింది, వీలైతే వచ్చి మావాళ్ళతో భోంచేయండి’ అని. చాలామంది వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళేవారు కాదు. దాతలతో సంబంధం నిలుపుకోవడం అంటూ ఈనాడు ఇంత లావు పుస్తకాలు రాస్తున్నారే, ఆ పదిహేను పైసల కార్డు చేసిన పని అదే.

సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రతి ఏడాదీ’ అని నొక్కితే అదే ఇంగ్లీషు తేదీకి గుర్తు చేస్తుంది. అంటే తండ్రి తద్దినం అయిపోయాక రెండు వారాలకు కొడుకు ఫోను టింగుమంటుంది. అంతకంటే గుర్తు చేయకపోవడమే మర్యాద.

శాశ్వత నిధి మాటొచ్చింది గనుక ఇంకొకటి. ఆ అసలును ఖర్చు పెట్టకూడదు. చట్టం చెప్పిన రకం డిపాజిట్లలోనే ఉంచాలని 2021లో నిబంధన బిగించారు. మామూలు విరాళం, శాశ్వత నిధి, ఫలానా పనికే అని ఇచ్చింది, ఈ మూడూ వేర్వేరు జాతులు. వచ్చిన రోజున రశీదు మీదే ఆ జాతి పడాలి. ఏడాది చివర్లో విడదీద్దామనుకుంటే అది కాకి లెక్కే అవుతుంది. డెమోలో ఈ ముక్క కోసం ఎంత వెతికినా ‘క్యాంపెయిన్’ అన్న గడి తప్ప ఏదీ కనిపించలేదు. అమెరికాలో తయారైన సరుకుకు మన ఆదాయపు పన్ను చట్టం ఎందుకు తెలియాలి, అనుకోండి. అమ్మేవాడికైనా తెలియాలిగా!

ఇక విదేశీ విరాళాలు, వాటిని అదుపు చేసే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం. ఎఫ్‌సీఆర్‌ఏ మొదటి చట్టం వచ్చింది 1976లో, మా ఉప్పెనకు ముందు ఏడాది. అప్పట్లో ఒకసారి రిజిస్ట్రేషను వచ్చిందంటే వచ్చినట్టే. 2010 చట్టంతో ఐదేళ్ళకోసారి రెన్యువల్ వచ్చింది. ఏటా పంపే ఫారానికి ఎఫ్‌సీ-3 అన్నారు, తర్వాత ఎఫ్‌సీ-6, ఇప్పుడు ఎఫ్‌సీ-4. 2020 సవరణ మరీ మెడ పట్టుకుంది. డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా ముందు ఢిల్లీ సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంకు శాఖలోని ఖాతాలో పడాలి. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. పెద్ద సంస్థ తెచ్చుకున్న విదేశీ సొమ్ములోంచి మాలాంటి చిన్న సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధం. జిల్లాల్లో ఎన్ని చిన్న సంస్థల పొయ్యి ఆ ఒక్క వాక్యంతో ఆరిపోయిందో రాసినవాళ్ళు చూడలేదు.

ఇందులో సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష ఎక్కడంటే, మన అమెరికా బంధువుల దగ్గర. మా తీరంలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు లేని ఇల్లు తక్కువ. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు, డాలస్ నుంచి పంపినా సరే. అదే మనిషి వచ్చే ఏడాది అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డు జేబులో ఉన్నా, అవనిగడ్డలో పుట్టినా, అది విదేశీ సొమ్మే. మామూలు ఖాతాలో పడితే నేరం. అంటే చూడాల్సింది చిరునామా కాదు, పౌరసత్వం. అది కూడా ఇచ్చిన రోజున ఏదో తెలియాలి, నిన్నటిది పనికిరాదు. డెమోలో దేశం అని ఒక్క గడి ఉంది. అమెరికా అని కొడితే విదేశీ, ఇండియా అని కొడితే స్వదేశీ. రెండూ తప్పయ్యే వీలుంది.

అప్పుడు నేనొక ప్రశ్న వేశాను. "మొగుడు సిటిజెన్‌షిప్ తీసుకున్నాడు, పెళ్ళాం గ్రీన్ కార్డు మీద ఉంది, ఇద్దరి జాయింటు ఖాతా నుంచి డబ్బొచ్చింది. ఏ పుస్తకంలో రాయమంటావు నాయనా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీగారు "మాస్టారూ, అవన్నీ తర్వాత చూద్దాం" అన్నారు. రిజిస్ట్రేషను రద్దయ్యాకనా చూసేది? నా కాలంలో ఈ సంగతి పుస్తకం చెప్పేది కాదు, నిజమే. ఊళ్ళో అడిగితే చెప్పేవారు, ఫలానావాళ్ళ అబ్బాయికి సిటిజెన్‌షిప్ వచ్చిందట, పార్టీ ఇచ్చారట అని. ఇప్పుడు ఆ కబురు మోసుకొచ్చే మనుషులు తగ్గారు గనుక ప్రతిసారీ అడిగి రాయించుకునే గడి కావాలి.

పాతవన్నీ బంగారమని నేనేం అనడం లేదు. ఆవర్జాలకు చెదలు పట్టేవి. తుఫాను నీళ్ళకు ఒకసారి రెండేళ్ళ ఓచర్లు ముద్దయ్యాయి, ఎండలో ఒక్కొక్కటే విడదీసి ఆరబెట్టాం. నాకు జ్వరమొస్తే ఏ దాత ఏ పేజీలో ఉన్నాడో ఇంకొకరికి తెలిసేది కాదు. పన్ను సంగతి చూస్తే చేత్తో నెగ్గుకు రావడం అసలే కాని పని. ఒకప్పుడు 80జి నంబరు రబ్బరు స్టాంపు వేసి రశీదిస్తే దాత దాన్ని రిటర్నుకు గుచ్చుకునేవాడు, మా పని అయిపోయేది. 2021-22 లెక్కల నుంచి 10బీడీ అనే ఫారం వచ్చింది. ఏడాదిలో ఇచ్చిన ప్రతి దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు నంబరు, విరాళం ఏ జాతి, ఏ రూపంలో వచ్చింది, ఎంత, అన్నీ మే 31 లోపల పోర్టల్లో ఎక్కించాలి. అప్పుడే దాతకు 10బీఈ సర్టిఫికెట్ పుడుతుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. నగదు 2,000 దాటితే దాతకు మినహాయింపే లేదు. యూపీఐలో అయితే పేరు సగం, ఊరు లేదు, పాన్ లేదు, 1,116 రూపాయలు టక్కున పడుతుంది. పంపిన పుణ్యాత్ముడెవరో కనుక్కోవడానికి మా రశీదుల అమ్మాయి ఏప్రిల్, మే నెలలంతా ఫోన్లు చేస్తూనే ఉంటుంది.

కాబట్టి యంత్రం కావాలి. నేను కాదనలేదు. నా గోల ఏమిటంటే, అది ఆ మే నెల బాధను తగ్గించాలి. పాన్ లేని విరాళాలు ఎన్నున్నాయో జూన్ నుంచే నెలనెలా చూపించాలి. గోడ మీద గుండ్రటి బొమ్మ దేనికి?

గ్రాంట్ల వైపూ ఇదే తంతు. మాకు ఒకే జీపు ఉండేది. పొద్దున వలల ప్రాజెక్టు, మధ్యాహ్నం మంచినీళ్ళ ప్రాజెక్టు, సాయంత్రం ఆశ్రమంలో ఒక ముసలమ్మను బందరు ఆసుపత్రికి. లాగ్ బుక్కులో డ్రైవరు కిలోమీటర్లు రాసి ఎదురుగా పని రాసేవాడు. నెలాఖరుకు డీజిలును ఆ కిలోమీటర్ల లెక్కన పంచేవాణ్ని. ఫండింగ్ ఏజెన్సీ తనిఖీకి వస్తే ఆ పుస్తకమే ముందు పెట్టేవాణ్ని, మాట్లాడకుండా సంతకం పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు కంపెనీల సామాజిక బాధ్యత సొమ్ము, సీఎస్ఆర్, వస్తోంది. 2014 ఏప్రిల్ నుంచి అర్హమైన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చు పెట్టాలి కదా. ప్రతి కంపెనీకీ తన పోర్టలు, తన ఫారం, తన బడ్జెట్ పద్దులు. ఒకరు జీతాలను పరిపాలన అంటారు, ఇంకొకరు కార్యక్రమం అంటారు. ఒకే ఓచరును మూడు చోట్ల మూడు రకాలుగా ఎక్కిస్తున్నారు మా పిల్లలు. మనం కొనే సాఫ్ట్‌వేర్ ఆ పోర్టళ్ళతో మాట్లాడుతుందా అంటే, మాట్లాడదు. అంటే అది నాలుగో చోటు.

మా దగ్గర టాలీ ఎన్నాళ్ళ నుంచో ఉంది. అందులో కాస్ట్ సెంటర్లని ఒక ఏర్పాటుంది. ప్రాజెక్టుకొక సెంటరు పెట్టి, ఓచరు వేసేటప్పుడే డీజిలును పంచేస్తే గ్రాంటువారీ ఖర్చు అదే తీసిస్తుంది. మాధాపూర్ అబ్బాయి లక్షలకు అమ్మజూపినదాంట్లో గ్రాంటు లెక్క సగం అదే. మావాళ్ళు ఆ మీట ఇంతవరకూ నొక్కలేదు. ఇంట్లో ఉన్న రోలు మీద బోర్లించిన గిన్నె తీయకుండా మిక్సీ కొనడానికి బయల్దేరారు.

ధరల సంగతి. సేల్స్‌ఫోర్స్ వాళ్ళు అర్హత గల స్వచ్ఛంద సంస్థలకు 10 లైసెన్సులు ఉచితంగా ఇస్తారు. నిజంగానే ఇస్తారు. కానీ దాన్ని మన పనికి తగ్గట్టు అమర్చే కన్సల్టెంటు ఉచితంగా రాడు. ఆయన వెళ్ళిపోయాక ఒక గడి మార్చాలన్నా మళ్ళీ ఆయనే రావాలి. సివీసీఆర్ఎం అనేది ఓపెన్ సోర్సు, లైసెన్సు డబ్బు లేదు. ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ కూడా అలాంటిదే. వాటిని సర్వరు మీద నిలబెట్టి, పాడైతే బాగుచేసే మనిషి కావాలి. అవనిగడ్డలో ఆ మనిషి దొరికితే ఏడాదికల్లా హైదరాబాదు వెళ్ళిపోతాడు. ఈ ఖర్చుకు ఏ ఫండరూ విడిగా రూపాయి ఇవ్వడు. అదంతా వెళ్ళి ఆఫీసు ఖర్చుల కింద పడుతుంది. ఆ పద్దు మీద కత్తి ఎంత కిందికి దిగిందో ఇందాకే చెప్పాను.

ఇంకో భయం. 2022లో వచ్చిన ఆదాయపు పన్ను రూలు 17ఏఏ ప్రకారం దాతల వివరాలతో సహా లెక్కల పుస్తకాలు 10 ఏళ్ళు దాచాలి. సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికోసారి చందా. నాలుగో ఏడు గ్రాంటు రాలేదు, చందా కట్టలేకపోయాం, తాళం పడింది. మిగతా ఆరేళ్ళ లెక్క ఎవరి గుప్పిట్లో ఉన్నట్టు? మొత్తం డేటా ఎక్సెల్లోకి దింపుకుని వెళ్ళనిస్తారా అని ఒప్పందం మీద రాయించండి అంటే, "అంత అపనమ్మకం ఎందుకు మాస్టారూ" అన్నారు. అపనమ్మకం కాదు, బీరువా తాళంచెవి మన మొలతాడుకే ఉండాలన్న పాత పట్టింపు. అమెరికాలో ఈ వ్యాపారంలో పెద్దదైన బ్లాక్‌బాడ్ కంపెనీలోకి 2020లో కంప్యూటరు దొంగలు పడి ఎన్నో స్వచ్ఛంద సంస్థల దాతల వివరాలు ఎత్తుకుపోయారు. కంపెనీ వాళ్ళకు డబ్బు కట్టింది, తర్వాత 2023లో 49 రాష్ట్రాలకూ వాషింగ్టన్ డీసీకీ కలిపి 4.95 కోట్ల డాలర్లకు రాజీ పడింది. మా దగ్గర దాతల పాన్ నంబర్లతో పాటు వసతి గృహం పిల్లల ఫొటోలు, వాళ్ళ కుటుంబ చరిత్రలు ఉన్నాయి. ఆ పిల్లల సమాచారం ఏ ఊరి సర్వరులో ఉంటుందని అడిగితే "క్లౌడ్‌లో సార్" అన్నాడు, పైకి చూపించి.

పైగా 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అందులో సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. రశీదు మీద ‘80జి’ అని శిలాశాసనంలా చెక్కేసిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరు మారుస్తారు, ఎన్నాళ్ళకు, ఎంత తీసుకుని? కమిటీ అడగాల్సిన ప్రశ్నల జాబితాలో ఇది లేదు. రంగులు మార్చుకోవచ్చా అన్నది మాత్రం ఉంది.

చివరికి నేనొక పని చేశాను. రశీదులు రాసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నిరుడు ఆమెను ఏడిపించిన కాగితాలన్నీ బయటికి తీయించాను. బియ్యం బస్తాల చీటీ, జాయింటు ఖాతా నుంచి వచ్చిన సొమ్ము, ఒకే పేరున్న ఇద్దరు వెంకటేశ్వరరావులు, పేరు లేని 1,116, మూడు ప్రాజెక్టుల డీజిలు బిల్లు, శాశ్వత నిధి, మాఘ బహుళ దశమి. జిరాక్సులు తీయించి కట్ట కట్టాం. డెమో ఇవ్వడానికి ఎవరొచ్చినా ముందు ఈ కట్ట ఇవ్వండి, ఆ అమ్మాయి ముందు ఎక్కించి చూపమనండి, బొమ్మలు తర్వాత చూద్దాం అని సెక్రటరీగారితో చెప్పాను. ఆయన మొహం చిట్లించారు గానీ కాదనలేదు.

కొందరు కట్ట పట్టుకెళ్ళి మళ్ళీ కనిపించలేదు. మాధాపూర్ అబ్బాయి మాత్రం తిరిగొచ్చాడు, ఈసారి టై లేకుండా. పౌరసత్వానికి ఒక గడి పెట్టించుకొచ్చాడు, విరాళాల జాతులు విడదీశాడు, డీజిలును మాత్రం టాలీలోనే ఉంచుకోమని తనే ఒప్పుకున్నాడు. తిథికి కూడా ఒక గడి పెట్టాడు, ఏటా ఉగాదికి తేదీలు ఎక్కించుకోవచ్చట. అమ్మాయి కీబోర్డు లాక్కుని గంటసేపు దాన్ని సతాయించింది, వెంకటేశ్వరరావుల దగ్గర మళ్ళీ ఆగింది. నేను అధిక మాసం సంగతి అడిగాను. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026కు అధిక జ్యేష్ఠం. కొందరు తద్దినం నిజ మాసంలోనే పెడతారు, కొందరు రెండింటిలోనూ పెడతారు, ఆ ఇంటి ఆనవాయితీని బట్టి. అబ్బాయి నోట్సులో రాసుకుని, వాళ్ళ అమ్మను కనుక్కుని చెప్తానన్నాడు.